నల్లగొండ నడిబొడ్డున ఫ్లాటు: కడుతుండగా కొనాలా, కట్టిన తర్వాత కొనాలా?

నల్లగొండలోగానీ మహబూబ్‌నగర్‌లోగానీ నిన్నమొన్నటి వరకూ సొంతిల్లంటే ఊరి చివర ప్లాటు కొని, మేస్త్రీని మాట్లాడుకొని, దగ్గరుండి కట్టించుకోవడమే. ఇప్పుడు రామగిరి, ప్రకాశం బజారు చుట్టుపక్కల, అటు పాలమూరులో న్యూటౌన్, మెట్టుగడ్డ వైపు పాత పెంకుటిళ్లు కూల్చి స్టిల్టు (కింద పార్కింగుకు వదిలిన స్తంభాల అంతస్తు) మీద నాలుగైదు అంతస్తులు లేపుతున్నారు. రిటైరైన ఉపాధ్యాయులు, పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడగా ఇంట్లో ఇద్దరే మిగిలిన దంపతులు, ఆసుపత్రీ బస్టాండూ కూరగాయల మార్కెట్టూ నడిచిపోయే దూరంలో ఉంటే చాలుననుకునేవారు వీటి వైపు చూస్తున్నారు. వారి ముందుకు సాధారణంగా మూడు బేరాలు వస్తాయి: పునాది దశలో ఉన్న ఫ్లాటు, పూర్తయిన ఫ్లాటు, అదే డబ్బుకు బైపాసు అవతల ప్లాటు. మొదటిది చౌక అన్న సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ చౌకదనం వెనుక మనం నెత్తిన వేసుకుంటున్న ప్రమాదం ఎంత, దానికి చట్టం ఇచ్చే రక్షణ మన ఊరి నడిమధ్యన కట్టే చిన్న భవనానికి వర్తిస్తుందా లేదా అన్నదే తేల్చుకోవలసిన విషయం.

ముందు లెక్క చూద్దాం. అంకెలు ఉదాహరణకు వేసుకున్నవే కనుక మీ బేరానికి తగ్గట్టు మార్చుకోండి. కడుతున్న ఫ్లాటు 42 లక్షలు, అదే వీధిలో అంతే విస్తీర్ణం గల పూర్తయిన ఫ్లాటు 48 లక్షలు అనుకుందాం. రెండింటికీ ధరలో 80 శాతం బ్యాంకు రుణం, వడ్డీ 8.5 శాతం, నిర్మాణానికి 30 నెలలు, ఇప్పుడున్న ఇంటి అద్దె నెలకు 10 వేలు. చాలామంది కడుతున్న ఫ్లాటు ఖాతాలో అద్దెనూ, స్వాధీనానికి ముందు కట్టే వడ్డీనీ కలిపి, ఆరు లక్షల తేడా అక్కడికక్కడే సరిపోయిందని తీర్మానిస్తారు. పూర్తయిన ఫ్లాటు కొన్నవారు కూడా ఆ 30 నెలలూ మొత్తం రుణం మీద వడ్డీ కడుతూనే ఉంటారన్నది ఆ లెక్కలో కనిపించదు.

రెండు వైపులా వేస్తే ఇలా వస్తుంది. కడుతున్న ఫ్లాటుకు 42 లక్షలు, ఒక శాతం జీఎస్టీ కింద 42 వేలు, అద్దె 3 లక్షలు, స్లాబు స్లాబుకూ రుణం విడుదలై సగటున సగం మొత్తమే వాడుకలో ఉంటే వడ్డీ సుమారు 3.57 లక్షలు, వెరసి దాదాపు 49 లక్షలు. పూర్తయిన ఫ్లాటుకు 48 లక్షలు, 38.4 లక్షల రుణం మీద వడ్డీ దాదాపు 8.16 లక్షలు, వెరసి 56 లక్షల పైచిలుకు. అసలు తీరుతూ రావడం వల్ల వడ్డీ కొంచెం తగ్గుతుంది గానీ తేడా మాత్రం ఏడు లక్షల దరిదాపుల్లోనే ఉంటుంది. రిజిస్ట్రేషను ఖర్చు తెలంగాణలో అన్నీ కలిపి 7.5 శాతం, అది రెండింటికీ ఉన్నదే కనుక పక్కన పెట్టాను.

ఈ లాభం ఎక్కడ కరుగుతుందో గమనించండి. బిల్డరు నిర్మాణ దశలతో నిమిత్తం లేకుండా మొదటి ఆరు నెలల్లోనే దాదాపు మొత్తం డబ్బు అడిగితే, వడ్డీ ఆరున్నర లక్షల దరిదాపులకు చేరి, లాభం నాలుగు లక్షల చిల్లరకు పడిపోతుంది. పని ఒక ఏడాది ఆలస్యమైతే పోయేది ప్రధానంగా ఆ ఏడాది అద్దె, అంటే లక్షా ఇరవై వేలు. బాధాకరమే గానీ తట్టుకోగలిగినది. పని మధ్యలో ఆగిపోతే మాత్రం లాభం మాట అటుంచి, కట్టిన సొమ్మంతా స్తంభాల మధ్య చిక్కుకుంటుంది, వడ్డీ మాత్రం నెలనెలా నడుస్తూనే ఉంటుంది. అందువల్ల బిల్డరును “ఎప్పటికి ఇస్తారు?” అని పదేపదే అడగడం కన్నా, పని ఆగిపోకుండా ఏది కాపాడుతుందో వెతకడం మేలు.

జీఎస్టీ దగ్గర మన పట్టణాలకు ఒక వెసులుబాటు ఉంది, దాన్ని చాలామంది వదిలేసుకుంటున్నారు. 2019 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విధానం ప్రకారం కడుతున్న ఫ్లాటు మీద పన్ను 5 శాతం, అందుబాటు ధరల ఇల్లయితే 1 శాతం. ఆ ఒక శాతానికి హైదరాబాదు వంటి మహానగరంలో కార్పెట్ ఏరియా 60 చదరపు మీటర్లు మించకూడదు; నల్లగొండ, మహబూబ్‌నగర్ వంటి చోట్ల 90 చదరపు మీటర్ల వరకూ, అంటే సుమారు 968 చదరపు అడుగుల వరకూ ఉండవచ్చు. రెండు చోట్లా ధర 45 లక్షలు దాటకూడదు. కార్పెట్ ఏరియా అంటే లోపలి గోడలతో సహా ఇంటి లోపలి నేల. బయటి గోడలు, బాల్కనీ అందులోకి రావు. బ్రోచరులో 1,250 అడుగులని రాసిన ఫ్లాటుకు లోపల కొలిస్తే 900 అడుగుల చుట్టూ ఉండడం మామూలే కనుక, ఇక్కడి రెండు పడకగదుల ఫ్లాట్లు చాలావరకు ఈ పరిమితిలోనే ఇముడుతాయి. అయితే 45 లక్షల లెక్కలోకి పార్కింగు, కామన్ వసతులు, మూల ఫ్లాటు పేరుతో బిల్డరు వసూలు చేసే అదనపు సొమ్ము కూడా చేరుతుంది. 44 లక్షల ఫ్లాటుకు లక్షన్నర పార్కింగు కలిపితే పన్ను 44 వేల నుంచి ఒక్కసారిగా రెండు లక్షల 27 వేలకు ఎగబాకుతుంది. ఈ సంగతి బేరం కుదిరాక తెలిస్తే చేసేదేమీ ఉండదు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ), అంటే భవనం పూర్తయింది, కాపురం ఉండవచ్చు అని ఇచ్చే అనుమతి పత్రం, వచ్చాకే మొత్తం సొమ్ము కట్టి కొన్న ఫ్లాటుకు జీఎస్టీ అసలే లేదు.

ఆదాయపు పన్నులో పాత విధానాన్ని ఎంచుకున్న ఉద్యోగులకు పూర్తయిన ఫ్లాటే కొంత లాభిస్తుంది. వడ్డీ మీద ఏటా 2 లక్షల వరకూ మినహాయింపు వారికి మొదటి ఏడాది నుంచే వస్తుంది. కడుతున్న ఫ్లాటుకు అది నిర్మాణం పూర్తయ్యాక, వెనుకటి వడ్డీని ఐదు సమాన భాగాలుగా చేసి, అదే పరిమితికి లోబడి వస్తుంది.

చట్టం గొడుగు ఎంతవరకు?

2016 నాటి రెరా చట్టం, అంటే రియల్ ఎస్టేటు నియంత్రణ చట్టం, కొనుగోలుదారుకు ఇచ్చిన ఆయుధాలు బలమైనవి. ప్రాజెక్టుకు రెరా రిజిస్ట్రేషను లేకుండా బిల్డరు ప్రకటన ఇవ్వకూడదు, బుకింగు తీసుకోకూడదు. ధరలో 10 శాతానికి మించి బయానా పుచ్చుకోవాలంటే ముందు అగ్రిమెంటును రిజిస్టరు చేయాలి. కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టు పేరనే ప్రత్యేక బ్యాంకు ఖాతాలో ఉండాలి; భూమికీ నిర్మాణానికీ తప్ప దానిని వేరే పనికి తీయకూడదు. గడువు తప్పితే వడ్డీతో సహా సొమ్ము వాపసు అడగవచ్చు, లేదా ప్రాజెక్టులోనే ఉండి ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ పొందవచ్చు. స్వాధీనమైన ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే ఉచితంగా సరిచేయవలసిన బాధ్యత బిల్డరుదే. పైన చెప్పిన “పని ఆగిపోవడం” అనే ప్రమాదానికి అసలైన అడ్డుకట్ట ఆ 70 శాతం ఖాతా. మన సొమ్ము మిర్యాలగూడలో మరో వెంచరుకు తరలిపోకుండా ఆపేది అదే.

భూమి 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది మించకపోయినా రిజిస్ట్రేషను అవసరం లేదన్న మినహాయింపు కూడా అదే చట్టంలో ఉంది. 500 చదరపు మీటర్లంటే దాదాపు 598 గజాలు. ఊరి నడిబొడ్డున పాత ఇంటి స్థలాలు అంతకన్నా చిన్నవే ఎక్కువ. అంటే హైదరాబాదు శివార్లలో వందల ఫ్లాట్ల ప్రాజెక్టు కొనేవారికి దక్కే రక్షణ, మన క్లాక్ టవరు సందులో నాలుగు వందల గజాల్లో కట్టే భవనానికి దక్కకపోవచ్చు. కొందరు బిల్డర్లు “మాది చిన్నది, రెరా అక్కర్లేదు” అని చెప్పి దాటవేసే మాట కొన్నిచోట్ల నిజం, కొన్నిచోట్ల కాదు. స్థలం చిన్నదే అయినా ఫ్లాట్లు పది పన్నెండు ఉన్నప్పుడు ఆ మాటను నమ్మి వదిలేయకుండా రెరా కార్యాలయాన్నే అడిగి తెలుసుకోవాలి. తెలంగాణ రెరా వెబ్‌సైటులో ప్రాజెక్టు పేరుతో వెతికితే రిజిస్ట్రేషను నంబరు, ఆమోదిత ప్లాను, పూర్తి చేస్తామని బిల్డరే రాసిచ్చిన తేదీ కనిపిస్తాయి. బ్రోచరు మీది తేదీ కాదు, ఆ తేదీయే పట్టింపు.

నిజంగానే మినహాయింపు పరిధిలోకి వచ్చే భవనమైతే, మిగిలేది ప్రధానంగా 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. చెల్లించిన ధర 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. అది నష్టం జరిగాక ఉపయోగపడేదే తప్ప, సొమ్ము దారి మళ్లకుండా ముందే ఆపేది కాదు. అటువంటి భవనంలో పునాది దశలో ఫ్లాటు కొనడం, నా అభిప్రాయంలో, బిల్డరును ఏళ్లుగా ఎరిగి, అతడు కట్టిన రెండు మూడు భవనాల్లో ఉంటున్నవారితో మాట్లాడి ఉన్నవారికి మాత్రమే తగినది. మిగతావారు ఆ ఏడు లక్షలను ఆశించకుండా పూర్తయినది తీసుకోవడమే క్షేమం. ఇక ప్లాను మంజూరు కాకముందే, స్థలంలో అవిభాజ్య వాటా రాసిస్తామంటూ తక్కువ ధరకు మొత్తం సొమ్ము ఒకేసారి అడిగే “ప్రీలాంచ్” బేరాల గురించి పోల్చడానికేమీ లేదు. వాటి జోలికి పోకూడదు.

పాత ఊరి కాగితాలు

బైపాసు అవతల లేఅవుటులో కాగితాల చిక్కు ఒక తీరు, ఊరి మధ్యన మరో తీరు. ఇక్కడి స్థలాలకు తరచూ సర్వే నంబరు కన్నా ఇంటి నంబరే ఆధారం. మూడు తరాలుగా పంచుకోకుండా ఉన్న ఇల్లు కావచ్చు. అన్నదమ్ములు సంతకాలు పెట్టినా, ఆడపిల్లలవి లేకపోవచ్చు. హిందూ ఉమ్మడి కుటుంబపు పిత్రార్జిత ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే సమాన హక్కు ఉందని, వారసత్వ చట్టానికి జరిగిన 2005 సవరణ నాటికి తండ్రి జీవించి ఉండనక్కర లేదని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. కాబట్టి స్థల యజమానులు బిల్డరుతో చేసుకునే డెవలప్‌మెంట్ అగ్రిమెంటులో ఇంటి ఆడబిడ్డల సంతకాలు లేకపోతే ఎందుకు లేవో తేలేవరకూ బయానా ఇవ్వవద్దు. అడగడానికి మొహమాటపడేవారు చాలామంది ఉన్నారు, ఇది మాత్రం మొహమాటపడే చోటు కాదు. వక్ఫ్, దేవాదాయ భూములకు దగ్గరగా ఉన్న వీధుల్లో నిషేధిత ఆస్తుల జాబితాను, అంటే 22-ఏ జాబితాను, ఈసీతో (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రంతో) పాటు తప్పక చూడాలి.

స్థల యజమానికీ బిల్డరుకూ మధ్య డెవలప్‌మెంట్ అగ్రిమెంటు రిజిస్టరై ఉండాలి. ఏ ఫ్లాట్లు ఎవరి వాటాకు వచ్చాయో తేల్చే అనుబంధ ఒప్పందమూ ఉండాలి. మీరు కొంటున్నది ఎవరి వాటాలోదో తెలిస్తేనే ఎవరి సంతకం చెల్లుతుందో తెలుస్తుంది. యజమాని వాటా ఫ్లాటును బిల్డరు, బిల్డరు వాటా ఫ్లాటును యజమాని బేరం పెట్టే సందర్భాలు లేకపోలేదు.

మంజూరైన ప్లాను కాగితాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు అందరూ తమ ఫ్లాటు ఎక్కడుందో వెతుక్కుంటారు. దానితో పాటు తనఖా పెట్టిన భాగం ఏదో వెతకండి. 2012 నాటి జీవో 168 భవన నిర్మాణ నిబంధనల ప్రకారం బిల్డరు ప్లానును అతిక్రమించకుండా ఉండడానికి హామీగా నిర్మిత విస్తీర్ణంలో 10 శాతాన్ని అనుమతి ఇచ్చే సంస్థకు తనఖాగా చూపుతాడు. కింది అంతస్తుల్లో ఒకటో రెండో ఫ్లాట్లు ప్లానులో గీతలు కొట్టి గుర్తుపెట్టి ఉంటాయి. అవి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే విడుదలవుతాయి. “మొదటి అంతస్తు, మెట్లు ఎక్కే పని లేదు, పెద్దవారికి అనుకూలం” అని కొంచెం తక్కువ ధరకు ఇస్తామంటున్న ఫ్లాటు ఆ గీతల కింద ఉన్నదేమో చూసుకోవాలి. పూర్తయిన ఫ్లాటు కొనేవారికి ఇదే ప్రశ్న మరో రూపంలో ఎదురవుతుంది: జనం కాపురం ఉంటున్నంత మాత్రాన ఓసీ వచ్చినట్టు కాదు. ఓసీ లేని “రెడీ టు మూవ్” ఫ్లాటు, కాగితాల దృష్టిలో, ఇంకా కడుతున్న ఫ్లాటే. ప్లానులో అయిదు అంతస్తులుండి పైన ఆరోది కనిపిస్తే ఆ ఓసీ ఎప్పటికి వస్తుందో ఎవరూ చెప్పలేరు.

బ్యాంకు రుణం మంజూరైందంటే కాగితాలు బాగున్నట్టే కదా అన్న ధీమా సగమే సరైనది. బ్యాంకు న్యాయవాది హక్కు పత్రాలు చూస్తాడు. బిల్డరు చేతిలో పని పూర్తి చేసేంత డబ్బు ఉందా లేదా అన్నది ఆయన రాసే అభిప్రాయంలో ఉండదు.

నీళ్లు, పార్కింగు, వీధి

నల్లగొండలో ఫ్లాటు కొనేవారు నీటి సంగతి అందరికన్నా ముందు అడగాలి. జిల్లా భూగర్భ జలాల్లోని ఫ్లోరైడు మన పెద్దల ఎముకలలోనే రాసి ఉంది. తాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్నది జాతీయ ప్రమాణం. పానగల్లు ఉదయసముద్రం నిండేది కృష్ణా నీటితోనే కనుక, భవనానికి నల్లా కనెక్షను ఉండి, ఆ నీటికి బోరు నీటితో కలవని వేరే సంపు ఉంటే చింత లేదు. పూర్తయిన భవనంలో ఈ రెండింటినీ కింద స్టిల్టులోకి దిగి కంటితో చూడవచ్చు, ఎండాకాలంలో నల్లా ఎన్ని రోజులకొకసారి వస్తుందో పక్కింటివారిని అడగవచ్చు. కడుతున్న భవనంలో అవి బిల్డరు నోటి మాటలు. అగ్రిమెంటులోకి ఎక్కితేనే విలువ.

పార్కింగు కూడా అంతే. చిన్న స్థలాల్లో స్తంభాల మధ్య కారు తిరగడానికి చోటు ఉండదు. ప్లానులో గీసిన పెట్టెలో కారు పడుతుందేమో గానీ అందులోకి చేరడం వేరే విద్య. ఇరుకు వీధిలోనైతే మాస్టర్ ప్లానులో ఆ రోడ్డు వెడల్పు ఎంతని ఉందో పురపాలక కార్యాలయంలో కనుక్కోవాలి.

“నడిబొడ్డు” అన్న మాటకు ఎంత అదనంగా ఇవ్వవచ్చో ఆ ఊరిని బట్టి ఆలోచించాలి. మహబూబ్‌నగర్‌లో కలెక్టరేటు 2022లో పాలకొండ వైపు కొత్త భవనానికి తరలింది. ఆఫీసుల కోసం నడిబొడ్డును కోరుకునేవారికి ఆ మేరకు ప్రయోజనం తగ్గింది. బజారు, బడి, ఆసుపత్రి కోసం కోరుకునేవారికి ఏమీ తగ్గలేదు. అద్దెకు ఇవ్వడానికి కొంటున్నారా, ఉండడానికి కొంటున్నారా అన్నది ఇక్కడే తేడా చూపుతుంది.

ప్లాటుతో పోలిక క్లుప్తంగా చెప్పవచ్చు. ఐదు వందల గజాల స్థలంలో పదిహేను ఫ్లాట్లుంటే ఒక్కొక్కరి వాటా 33 గజాలే. భూమి విలువ పెరుగుదల మీద ఆశ ఉన్నవారు ఆ 33 గజాలను చూసి ఫ్లాటు కొనకూడదు, అనుమతి ఉన్న లేఅవుటులో ప్లాటు కొనాలి. ఇప్పుడే వెళ్లి ఉండవలసిన వయసువారికి ప్లాటు ఎందుకూ పనికిరాదు. రీజినల్ రింగురోడ్డు పేరు చెప్పి బైపాసు ప్లాటును ఆకాశానికెత్తే మధ్యవర్తుల మాటలు వినవలసిందే గానీ, ధర మాత్రం ఇవాళ్టి పక్క ప్లాటు దస్తావేజు చూసి కట్టాలి.

నన్ను అడిగితే పునాది దశకూ పూర్తి దశకూ నడుమ ఒక మూడో దారి ఉంది, మన పట్టణాలకు అదే ఎక్కువ నప్పుతుంది. అన్ని స్లాబులూ పడి, ఇటుక గోడలు లేచి, ప్లాస్టరింగు మొదలు కాని దశలో కొనడం. అప్పటికి భవనం ఆగిపోయే ప్రమాదంలో పెద్ద భాగం తీరిపోతుంది. అంతస్తుల సంఖ్య ప్లానుకు సరిపోయిందా లేదా అన్నది వీధిలో నిలబడి లెక్కపెట్టవచ్చు. గదిలోకి వెళ్లి టేపు పెట్టి కార్పెట్ ఏరియా కొలుచుకోవచ్చు. గోడల్లో పైపులు, కరెంటు గొట్టాలు కనిపిస్తూ ఉంటాయి, కిచెనులో ప్లగ్గు ఎక్కడ కావాలో అప్పుడే చెప్పి పెట్టించుకోవచ్చు. టైల్సు వేశాక ఇవేవీ కనిపించవు. పై స్లాబు నుంచి బయటికి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు పొరలుగా తుప్పు రాలుతుంటే పని చాలాకాలం ఆగి మళ్లీ మొదలైందని అర్థం. ఎందుకు ఆగిందో కూలీలను అడిగితే బిల్డరు కన్నా సూటిగా చెబుతారు. ధర పునాది దశ కన్నా ఎక్కువే ఉంటుంది, జీఎస్టీ కూడా తప్పదు. అద్దె భారం మాత్రం ఏడాది లోపే తీరుతుంది.

ఆ దశలో బేరం చేసేటప్పుడు అడుగుకు వంద రూపాయలు తగ్గించమని పట్టుబట్టే బదులు, ధరలో 5 శాతాన్ని ఓసీ చేతికొచ్చి, నల్లా, కరెంటు మీటరు బిగించిన తర్వాతే ఇస్తానని అగ్రిమెంటులో రాయించుకోండి. ఒప్పుకునే బిల్డరుకు పని పూర్తి చేసే ఉద్దేశం ఉన్నట్టే లెక్క. ఒప్పుకోని బిల్డరు చెప్పే కారణాన్ని ఇంట్లో పెద్దవారి ముందు మరోసారి చెప్పించుకొని, ఆ తర్వాతే బయానా సంగతి ఆలోచించండి.